మా ఊళ్లో ఆరుగురు మాలకొండయ్యలు

నేను పోస్టు పనిలో చేరిన కొత్తల్లో, 1987లో, మా ఊరికి ఒక మనియార్డరు వచ్చింది. మూడొందల రూపాయలు. సికింద్రాబాద్ నుంచి ఎవరో కొడుకు పంపాడు. అందుకోవాల్సిన వాళ్ల పేరు దగ్గర 'మాలకొండయ్య గారికి' అని మాత్రమే ఉంది. ఇంటిపేరు లేదు, తండ్రి పేరు లేదు, ఏ బజారో లేదు. పంపినాయన పేరు చదవడానికి వీల్లేకుండా గిలికేసి ఉంది. మా ఊళ్లో అప్పటికి మాలకొండయ్యలు ఆరుగురు. అందులో ఒకరు మా నాయన.

కొడుకులు సికింద్రాబాద్‌లో ఉన్న మాలకొండయ్యలు ఇద్దరు. ఒకాయన కొడుకు మిలట్రీలో ఉన్నాడు, ఇంకొకాయన కొడుకు హోటల్లో పని చేస్తున్నాడు. నేను హోటల్ అబ్బాయి తండ్రికి డబ్బిచ్చి, వేలిముద్ర వేయించుకుని వచ్చేశాను. రాత్రి అన్నాలు తిని పడుకునే వేళకి ఆయన లాంతరు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. "అబ్బయా, మావోడు నూటేబై కంటే ఎప్పుడూ పంపలా. ఇది నాది కాదనిపిస్తా ఉండాది. మిలట్రీవోళ్ల మాలకొండయ్యదేమో కనుక్కో" అని మూడొందలూ మంచం మీద పెట్టాడు. అప్పటికప్పుడు ఇద్దరం కలిసి ఆ రెండో ఆయన ఇంటికి పోయాం. 'ఈ నెల మూడొందలు పంపుతున్నాను' అని కొడుకు రాసిన కార్డు ఆ ఇంట్లో చూరులో దోపి ఉంది. వారం కిందట ఆ కార్డు ఇచ్చింది కూడా నేనే. అందులో ఏముందో నేను చదవలేదు.

తప్పు నాదే. కానీ ఆ కొడుకు మీద వచ్చిన కోపం నాకు ఇప్పటికీ గుర్తుంది. కన్నతండ్రి పేరు పూర్తిగా రాయడానికి ఎంత సిరా పడుతుంది? ముప్పై ఏళ్లకు పైగా ఆ పని చేసి రిటైరయ్యాను. ఇప్పుడు సాయంత్రాలు అరుగు మీద కూర్చుంటే జీవితంలో నన్ను బాధపెట్టినవి ఒక్కొక్కటే గుర్తొస్తుంటాయి. వాటిలో చాలా వరకు పేరు దగ్గర మొదలైనవే.

మాది కందుకూరు దగ్గర ఒక పల్లెటూరు. వలేటివారిపాలెం వైపు పోతే మాలకొండ వస్తుంది. మాల్యాద్రి లక్ష్మీనరసింహస్వామి కొండ. గుడి శనివారం ఒక్కరోజే తెరుస్తారు. మిగతా ఆరు రోజులూ దేవతలూ మునులూ పూజ చేసుకుంటారని మా అవ్వ చెప్పేది. మాల్యమంటే పూలదండ, అద్రి అంటే కొండ. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఇంటికొక మాలకొండయ్యో, మాల్యాద్రో, మాలకొండమ్మో ఉంటారు. శనివారం కొండ మీద ఎవరైనా ఆ పేరు పెట్టి గట్టిగా పిలిస్తే నాలుగు వైపుల నుంచీ పలుకుతారు.

మా అమ్మది రాపూరు వైపు. పెంచలకోనకు దగ్గర. నేను అమ్మమ్మ ఇంట్లో పుట్టాను కాబట్టి పెంచలయ్య అన్నారు. మా పెద్దమ్మ కసుమూరు మస్తాన్ దర్గాలో మొక్కుకుంటే పుట్టింది, అందుకని మస్తానమ్మ. నుదుట రూపాయంత బొట్టు, మెడలో పుస్తెలు, పేరు మస్తానమ్మ. నెల్లూరు వైపు దీన్ని ఎవరూ వింతగా చూడరు. మస్తాన్ రెడ్లు, మస్తానయ్యలు ఎంతమందో. నర్రవాడ వెంగమాంబ పేరు మీద వెంగమ్మలు, వెంగయ్యలు. జొన్నవాడ కామాక్షమ్మ పేరు మీద కామాక్షయ్యలు. పేరు వింటే చాలు, ఆ మనిషిని కన్నతల్లి ఏ కొండెక్కి మొక్కుకుందో, ఏ ఏటి ఒడ్డున తల తడుపుకుందో తెలిసేది. ఒకసారి విజయవాడ స్టేషన్లో రాత్రి రైలు కోసం కూర్చుని ఉంటే ఎవరో ఆడమనిషి "పెంచలా, యాడికి పోతివిరా" అని అరిచింది. నేను లేచి నిలబడ్డాను. ఆమె పిలిచింది తన ఆరేళ్ల పిల్లవాడిని. రైలొచ్చేదాకా కోన గురించి, అక్కడి నీళ్ల గురించి మాట్లాడుకున్నాం. ఆమె పేరు అడగలేదు. అది నాకు ఇప్పటికీ లోటుగానే ఉంది.

మా పెద్దమ్మ కొడుకు హైదరాబాద్‌లో అద్దె ఇల్లు వెతుక్కుంటున్నప్పుడు ఒక ఇంటివాళ్లు ఇంట్లో ఉండేవాళ్ల పేర్లన్నీ అడిగారు. మస్తానమ్మ అనగానే ముఖాలు మారాయి. మీరేమిట్లు, మీ ఇంటిపేరేంటి, పేరు ఇట్లా ఎందుకుంది అని అరగంట ప్రశ్నలు. ఆఖరికి తెలిసినవాళ్లకు మాటిచ్చామని పంపేశారు. నాకు కోపం వచ్చింది ఆమెను ముస్లిం అనుకున్నందుకు కాదు. నిజంగా ముస్లిమే అయితే మాత్రం ఇల్లు ఇవ్వకుండా పంపేయడం ఏం మర్యాద? ఆ దర్గాకు మా పెద్దమ్మను కన్న తల్లి ఎంత నమ్మకంతో పోయిందో వాళ్లకు తెలిస్తే ఆ ప్రశ్న నోట రాదు.

పేర్ల విషయంలో నాకు బుద్ధి చెప్పింది మా అవ్వ. నాకప్పుడు ఏడేళ్లు. బట్టలు ఉతికి తెచ్చే వెంగయ్య మూట దించుతుంటే, "ఒరే వెంగయ్యా, నా చొక్కా తెచ్చావా" అన్నాను. పెద్ద ఇళ్ల పిల్లలు ఆయన్ని అట్లాగే పిలిచేవాళ్లు, నాకూ అదే అలవాటైంది. అరుగు మీద మిరపకాయల తొడిమలు తీస్తున్న అవ్వ లేచొచ్చి చెంప మీద ఒక్కటి వేసింది. ఆమె వేళ్లకున్న కారం నా కంట్లో పడి మంట. "తాతా అను. మీ తాత కంటే రెండేళ్లు పెద్దోడు ఆయన" అంది. "పోనీలేమ్మా, పసిబిడ్డ" అన్నాడాయన. అవ్వ వినలేదు. నేను ఏడుస్తూనే "వెంగయ్య తాతా, నా చొక్కా తెచ్చావా" అని మళ్లీ అడిగేదాకా మూట విప్పనివ్వలేదు.

ఆ తర్వాత ఊళ్లో ఏ ఇంటి ముందు పోతున్నా నా చెవి దానిమీదే ఉండేది. పదేళ్ల పిల్లలు అరవై ఏళ్ల పాలేర్లను ఒరే అనేవాళ్లు. ఆ ముసలాయనలు భుజం మీది కండువా తీసి చంకలో పెట్టుకుని 'అయ్యా' అనేవాళ్లు. ఆ రోజులు బాగుండేవని ఎవరైనా నా ముందు అంటే నేను ఒప్పుకోను. పాత రోజుల్లో మంచివి ఉన్నాయి, వాటి గురించే రాస్తున్నాను. ఇది మాత్రం వాటిలో లేదు.

ఇప్పుడు పల్లెల్లో అది తగ్గింది. పట్నంలో వేరే రూపంలో మొదలైంది. ఏయ్ ఆటో, ఏయ్ గ్యాస్, ఏయ్ పోస్ట్. పరీక్ష రాసి పోస్టుమ్యాన్ అయ్యాక ఒక వీధిలో పదకొండేళ్లు ఉత్తరాలు పంచాను. ఎవరి అబ్బాయి ఏ కాలేజీలో ఉన్నాడో, ఎవరి అమ్మాయికి ఇంటర్వ్యూ కాగితం రావాలో నాకు తెలుసు. నాకు మాత్రం ఆ వీధిలో పేరు లేదు. ఒక్క రిటైర్డ్ పంతులమ్మ గారు మొదటి రోజే "నీ పేరేంది నాయనా" అని అడిగారు. తర్వాత ప్రతి ఎండాకాలం "పెంచలయ్యా, మజ్జిగ తాగి పో" అనేవారు. ఆ వీధిలో మిగతా ఇళ్లు నాకు నంబర్లుగా గుర్తున్నాయి. ఆమె ఇంటి గుమ్మం, గుమ్మం మీది ముగ్గు కూడా గుర్తున్నాయి.

బడి సంగతి చెప్పాలి. మా క్లాసులో ఒక పిచ్చయ్య ఉండేవాడు. వాడికి ముందు ఇద్దరు పుట్టి పోయారు. వీడు పుట్టగానే తీసుకుపోయి పెంటదిబ్బ మీద పడుకోబెట్టారు. పక్కింటామె ఎత్తుకుని, సోలెడు తవుడుకు తిరిగి తల్లికే అమ్మింది. చావుకు కనపడకుండా ఉండాలని చేసిన పని అది. పిచ్చయ్య అని పేరు పెట్టారు. "పిచ్చి కాదురా, బిచ్చం. దేవుడు మా ఒళ్లో ఏసిన బిచ్చం" అని వాళ్ల నాయనమ్మ అందరికీ చెప్పేది. కొత్తగా వచ్చిన ఒక అయ్యవారికి ఇదేం తెలియదు. తెలుసుకోవాలనీ అనుకోలేదు. రోజూ హాజరు పిలుస్తూ ఆ పేరు దగ్గర ఆగి, "ఏం పిచ్చయ్యా, ఈ రోజు పిచ్చి తగ్గిందా" అనేవారు. క్లాసంతా నవ్వేది. నేనూ నవ్వాను. నెల తిరక్కుండా వాడు బడికి రావడం మానేశాడు. పొగాకును వేడితో ఆరబెట్టే కొట్టం, బ్యారన్ అంటాం, దాని దగ్గర కర్రలకు ఆకు కట్టే పనికి పోయాడు. లెక్కల్లో నాకంటే వాడే ముందుండేవాడు.

ఇంకో అయ్యవారు ఆడపిల్లల పేర్లు మోటుగా ఉన్నాయని రిజిస్టర్లో తనకు నచ్చిన పేర్లు రాసేసేవారు. పుల్లమ్మ పద్మ అయింది, అంకమ్మ అరుణ అయింది. ఆ పద్మలకూ అరుణలకూ తర్వాత ఉత్తరాలు పంచడానికి నేను పడ్డ కష్టం అట్లా ఉంచండి. అమ్మానాన్నలను ఒక్క మాట అడగలేదు కదా, అదే నాకు మింగుడు పడదు.

ఇక నాయకులు.

నేను హైస్కూల్లో ఉండగా ఎన్నికలొచ్చాయి. పోటీలో ఉన్న ఒక నాయకుడు పొద్దుగూకే వేళ జీపులో మా ఊరికొచ్చాడు. నాయన బ్యారన్ దగ్గర ఉన్నాడు. ఆకు పండే రోజులు, రాత్రింబగళ్లు అక్కడే ఉండి వేడి చూసుకోవాలి. ఆ నాయకుడు నేరుగా బ్యారన్ దగ్గరికే వచ్చి నాయన భుజం మీద చెయ్యేసి, "ఏం మాలకొండయ్యా, బాగుండావా? ఈ ఏడు ఆకు రంగు బాగా తిరిగిందంటనే" అన్నాడు. నాయన నోట మాట రాలేదు. మసి చేతులు పంచెకు తుడుచుకుని దణ్ణం పెట్టాడు. ఆ తర్వాత ఆరు నెలలు ఇంటికొచ్చిన వాళ్లందరికీ అదే చెప్పాడు. "ఇంతమందిలో నన్ను పేరు పెట్టి పిలిచాడయ్యా." మా కులపోళ్లు వద్దన్నా వినకుండా ఓటు ఆయనకే వేశాడు, బంధువులందరి చేతా వేయించాడు.

తర్వాతి ఎన్నికలప్పుడు నేను కందుకూరులో డిగ్రీ చదువుతున్నాను. అదే నాయకుడు మళ్లీ వచ్చాడు. ఈసారి ఆయన వెంట నడిచే కుర్రాళ్లలో నేనూ ఉన్నాను. అప్పుడు చూశాను. ఆయనకు ఒక అడుగు వెనక పొడుగు నోటుపుస్తకం పట్టుకుని ఒకాయన నడుస్తున్నాడు. ప్రతి ఇంటి ముందూ వంగి చెవిలో చెప్పేవాడు. "మాలకొండయ్య, బ్యారన్ ఉంది, ఇద్దరు మగపిల్లలు." వెంటనే నాయకుడు నవ్వు ముఖం పెట్టి, "ఏం మాలకొండయ్యా" అనేవాడు. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఇంకా నాలుగిళ్లు పోయాక ఒక ఇంట్లో, "ఏమ్మా, మీ ఇంటాయన బాగుండాడా" అని అడిగాడు. ఆయన పోయి అప్పటికి ఏడు నెలలు. పుస్తకంలో దిద్దుకోలేదు. ఆమె మాట్లాడకుండా పైట నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. వీళ్లు పక్కింటికి నడిచారు.

ఆ నోటుపుస్తకం సంగతి నాయనకు నేను ఎప్పుడూ చెప్పలేదు. ఆయన చనిపోయేదాకా "పేరు పెట్టి పిలిచాడు" అనే చెప్పుకున్నాడు.

మా ఊరి బస్సు స్టేజీకి చింతచెట్టు స్టేజీ అని పేరు. చెట్టు కింద ఒక బండ ఉండేది, దాని మీద కూర్చునేవాళ్లం. తర్వాత అక్కడ షెల్టర్ కట్టారు. మంచిదే, ఎండకూ వానకూ ఉపయోగమే. కానీ దాని నుదుటి మీద ఒక నాయకుడి తండ్రి పేరు రెండడుగుల అక్షరాల్లో, పక్కన నాయకుడి పేరు, కింద చేయించిన వాళ్ల పేర్లు రాశారు. ఊరి పేరు ఎక్కడో మూలన బొటనవేలంత. కొత్తవాళ్లు బస్సు దిగి ఇది ఏ ఊరని అడగాల్సి వచ్చేది. అధికారం మారినప్పుడల్లా దానికి రంగు మారింది, పేర్లు మారాయి. కండక్టర్లు మాత్రం ఇప్పటికీ చింతచెట్టు అనే అరుస్తారు. చెట్టు కొట్టేసి పాతికేళ్లయింది.

మా వాగు దగ్గర బ్రిడ్జికి మూడుసార్లు శంకుస్థాపన చేశారు. మూడు రాళ్లూ పక్కపక్కనే ఉన్నాయి. ఒక్కోదాని మీద పదిహేను, ఇరవై పేర్లు. వాగు పేరు మాత్రం ఏ రాయి మీదా లేదు. వానాకాలంలో ఇప్పటికీ చుట్టు తిరిగే పోతాం.

జిల్లా సంగతికొస్తే, నేను పుట్టింది 1963లో, అప్పుడు మాది నెల్లూరు జిల్లా. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడింది. నెల్లూరు నుంచి కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి, గుంటూరు నుంచి ఒంగోలు, అద్దంకి, చీరాల, కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు అందులో కలిపారు. 1972లో దానికి ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. ఆ ఏడాదే ఆగస్టులో పిన్‌కోడ్ వచ్చింది. 2022 ఏప్రిల్లో కందుకూరును తిరిగి నెల్లూరులో కలిపారు. మా ఇల్లు, ఇంటి ముందు వేపచెట్టు ఎక్కడివక్కడే. పిన్‌కోడ్ 523105 కూడా మారలేదు, అందులో ఇప్పటికీ ఒంగోలు వైపు 523 ఉంది. మా అవ్వ ప్రకాశం జిల్లా అని ఒక్కసారి కూడా అనలేదు. చనిపోయేదాకా ఆమెది నెల్లూరు జిల్లానే.

ప్రకాశం అనే పేరు నాకు చాలా ఇష్టం. టంగుటూరి ప్రకాశం పంతులు గారు పుట్టిన వినోదరాయునిపాలెం ఇక్కడిదే. తండ్రి పోయాక తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పెంచింది. మద్రాసులో పెద్ద బారిస్టరై, సంపాదించినదంతా ఉద్యమానికి పెట్టి, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయి, 1957లో చేతిలో ఏమీ లేకుండానే పోయారు. ఆయన పేరు పెట్టేటప్పుడు ముందూ వెనకా ఏం తగిలించలేదు. ప్రకాశం, అంతే. కవరు మీద రాయడానికీ, నోటితో అనడానికీ హాయిగా ఉంటుంది.

నెల్లూరు విషయంలోనే నాకు బాధ. 2008లో దానికి శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా అని పేరు పెట్టారు. పెట్టాల్సిన పేరే. ఆయన పెద్దల ఊరు కనిగిరి వైపు పడమటిపల్లి. 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనులను రానివ్వాలని నిరాహార దీక్ష చేసి సాధించారు. ఆ తర్వాత కూడా కాళ్లకు చెప్పులు లేకుండా, ఎండలో గొడుగు లేకుండా, మెడలో అట్టముక్క తగిలించుకుని నెల్లూరు వీధుల్లో అదే మాట చెబుతూ తిరిగారు. కొందరు పిచ్చాయన అనుకున్నారు. 1952 అక్టోబర్ 19న మద్రాసులో కూర్చున్న దీక్ష 58 రోజులు సాగి, డిసెంబర్ 15 రాత్రి ప్రాణంతో ముగిసింది. అట్లాంటి మనిషి పేరును మనం ఏం చేశాం? ఎస్.పి.ఎస్.ఆర్. నెల్లూరు. బోర్డుల మీద, కాగితాల మీద, పార్శిళ్ల మీద నాలుగక్షరాలు. ఎవరైనా కుర్రవాడు పార్శిల్ ఇవ్వడానికి వస్తే అడిగేవాడిని, ఆ నాలుగక్షరాలకు అర్థమేంటని. పదిమందిలో ఇద్దరు చెప్పేవాళ్లు. పేరు పొడుగైతే శ్రీరాములు జిల్లా అని పెట్టాల్సింది. నోటికి వచ్చేది, ఆయన గుర్తుండేవారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను చేత్తో రాసిన ప్రతి కాగితం మీదా పూర్తిగానే రాశాను. పక్క సీటు వాళ్లకు విసుగ్గా ఉండేది. ఉండనీ అనుకున్నాను.

బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు నాదనేవాళ్లు, ఫోన్లో పాటలు ఊరందరికీ వినిపించేవాళ్లు, నాయకుడి పుట్టినరోజని పరీక్షల ముందు రోజు రాత్రి పన్నెండింటి దాకా మైకు పెట్టేవాళ్లు, వీళ్ల మీదా నాకు కోపముంది. ఇవి అందరికీ తెలిసినవే కాబట్టి వదిలేస్తున్నాను.

నాయన 2019లో పోయాడు. ఆయన పేరు భూమి పాస్‌బుక్‌లో మాలకొండయ్య, ఆధార్‌లో మాల్యాద్రి, బ్యారన్ లైసెన్సులో మల్కొండయ్య. ఎవరికి ఎట్లా వినిపిస్తే అట్లా రాశారు. ఆయన చదువుకోలేదు, వేలిముద్ర వేసి వచ్చాడు. భూమి మా పేర్లకు మార్చుకోబోతే ఒక ఆఫీసులో, ఈ ముగ్గురూ ఒకరేనని సాక్ష్యం తెమ్మన్నారు. "ఈ ముగ్గురూ" అన్న మాట విని నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆరుగురు మాలకొండయ్యల్లో అప్పటికి ఇద్దరే మిగిలారు. ఇద్దరూ వచ్చారు. ఒకాయన ఎనభై దాటిన మనిషి, ఆనాడు లాంతరు పట్టుకుని వచ్చి మూడొందలు వెనక్కిచ్చిన హోటల్ అబ్బాయి తండ్రి. మనవడి భుజం పట్టుకుని మెట్లెక్కి, "ఆయన మాలకొండయ్య. నేనూ మాలకొండయ్యనే. ఆయన నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు" అని చెప్పి వేలిముద్ర వేశాడు.

నాయన దినం రోజు మా వీధి మలుపులో ఒక ఫ్లెక్సీ కట్టారు. మేం చెప్పలేదు. పైన నలుగురు నాయకుల ఫోటోలు తలకాయంత, కింద మూలన నాయన ఫోటో అరచెయ్యంత. 'కీర్తిశేషులు మల్లికొండయ్య గారికి అశ్రునివాళి.' అమ్మ మూడో తరగతి దాకా చదివింది. కూడబలుక్కుని చదివింది. ఏం మాట్లాడలేదు. మధ్యాహ్నం ఆ నలుగురిలో ఒకాయన కారు దిగి వచ్చి, పక్కన ఫోన్ పట్టుకున్న కుర్రవాడు ఏదో చెప్పగానే అమ్మ ముందు చేతులు కట్టుకుని, "మల్లికొండయ్య గారు నాకు బాగా తెలిసిన మనిషమ్మా" అన్నాడు. అమ్మ తలెత్తి చూసింది.

"ఆయన పేరు మాలకొండయ్య, నాయనా. నలభై ఏళ్లు ఈ ఊళ్లో బ్యారన్ నడిపినాడు. తెలియకపోతే అడగండి, మేం చెప్తాం. అడిగితే మాకేం బాధ లేదు."

ఆయన తప్పైందమ్మా అన్నాడు. రెండు నిమిషాలు నిలబడి వెళ్లిపోయాడు. జనం పోయాక అమ్మ మా తమ్ముడిని నిచ్చెన ఎక్కించి ఫ్లెక్సీ విప్పించింది. అది మా గడ్డివాము మీద కప్పాం, రాసిన వైపు కిందకు పెట్టి. వాన బాగా ఆపింది.

2023లో మా అమ్మాయికి కూతురు పుట్టింది. కందుకూరులోనే కాన్పు. పుట్టిన సర్టిఫికెట్ మీద ఆ నాలుగక్షరాలే ఉన్నాయి. పేరు కోసం అల్లుడు వాళ్లు ఎవరినో సంప్రదించారు. 'జ'తో మొదలవ్వాలి, అంకెలు కలవాలి, ఇంగ్లీషులో రాసేటప్పుడు ఒక 'ఎ', చివర ఒక 'హెచ్' ఎక్కువుండాలి. కలిపి కూర్చిన ఆ పేరుకు అర్థమేంటని అడిగాను. అల్లుడు ఫోన్లో వెతికి, "ఏదో విజయం అని వస్తోంది మామయ్యా" అన్నాడు. మంచి పిల్లవాడు, నా మనసు తెలుసు. "మన కొండ పేరో, కోన పేరో పక్కన పెట్టండి" అన్నాను. మా అమ్మాయి అంది, "నాన్నా, బళ్లో అందరూ నవ్వుతారు. దాన్ని ఏడిపిస్తారు."

నాకు పిచ్చయ్య గుర్తొచ్చాడు. ఆ రోజు క్లాసులో నేను నవ్విన నవ్వు గుర్తొచ్చింది. ఇంకేం అనలేకపోయాను.

బారసాల రోజు పళ్లెంలో బియ్యం పోసి ఆ పేరు ఉంగరంతో రాశారు. మేనమామ చదివాడు, అందరూ అక్షింతలు వేశారు. పెద్దవాళ్లు ఒక్కొక్కరూ వచ్చి బిడ్డ చెవిలో మూడుసార్లు ఆ పేరు చెబుతున్నారు. చివర్లో మా అమ్మను కుర్చీలోంచి లేపి తీసుకొచ్చాం. నడుం వంగి, ఒక చేత్తో ఉయ్యాల పట్టుకుని బిడ్డ చెవి దగ్గర నోరు పెట్టింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినిపించింది. మాలకొండమ్మా, మాలకొండమ్మా, మాలకొండమ్మా.

"ఏం చెప్పారవ్వా అంతసేపు?" అని అల్లుడు నవ్వుతూ అడిగాడు.

"నా మునిమనవరాలిని పేరు పెట్టి పిలుచుకున్నాలే నాయనా" అంది అమ్మ. తర్వాత, వచ్చిన వాళ్లందరికీ భోజనాలు వడ్డించారా లేదా అని అడుగుతూ లోపలికి నడిచింది.